బడికి దగ్గరా, పనికి దగ్గరా?

శంషాబాద్: వేసవి సెలవులు సగం గడిచాయంటే చాలు, మంచాలు, బీరువాలు, గ్యాసు పొయ్యిలు ఎక్కించుకున్న ట్రాలీ ఆటోలు జిల్లాలోని పల్లెల నుంచి పట్నం దారి పడతాయి. జూన్‌లో బడులు తెరిచేలోగా కొత్త ఇంట్లో పాలు పొంగించాలన్నది ఆ కుటుంబాల ఆరాటం. పిల్లల చదువు కోసమే పోతున్నామని ఊళ్లో చెప్పి బయలుదేరతారు. తీరా ఇల్లు వెతికేటప్పుడు మాత్రం కిరాయి ఎంత, నల్లా ఉందా, తండ్రి పని చేసే చోటు ఎంత దూరం అన్నవే ముందుకు వస్తాయి. బడి సంగతి సామాన్లు దించాక గుర్తుకొస్తుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. శంషాబాద్ చుట్టుపక్కల కాపురం పెట్టేవారు దానికి 'పిల్లల్ని బడిలో వేసి చూడు' అన్నది కూడా కలుపుకోవాలి. ఎంచుకున్న చోటు తప్పితే కిరాయి ఇల్లు మారొచ్చు. నడి సంవత్సరంలో బడి మారడం అంత తేలిక కాదు.

విమానం వచ్చాక

ఒకప్పుడు శంషాబాద్ అంటే బెంగుళూరు రోడ్డు మీద బస్సు ఆగే ఊరు. నార్కుడ పక్కనున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి వెళ్లేవారు, సంతకు వచ్చేవారు దిగే చోటు. 2005 మార్చిలో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23 నుంచి బేగంపేటకు బదులు ఇక్కడి నుంచి విమానాలు ఎగరడం మొదలైంది. అందుకోసం దాదాపు 5,500 ఎకరాల నేల తీసుకున్నారు. మొదట్లో ఏడాదికి 1 కోటి 20 లక్షల మంది ప్రయాణికులకు సరిపడేలా కట్టిన భవనాన్ని తర్వాత 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా పెంచారు.

విమానాశ్రయంతో పాటే దారులు వచ్చాయి. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా బాహ్యవలయ రహదారి మొదటి భాగం 2008 నవంబరులో తెరుచుకుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కి.మీ. పొడవున పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో వచ్చింది. 2016లో జిల్లాలను మార్చినప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలో కలిసింది. శంషాబాద్ 2018లో మున్సిపాలిటీ అయింది. 2025 డిసెంబరులో శివారు పురపాలక సంఘాలతో పాటు దాన్ని కూడా గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు.

దీనితో పొలం పని తప్ప మరో పని దొరకని పల్లెలకు దారి దొరికింది. విమానాశ్రయంలో సామాన్లు మోసే పని, కాపలా, శుభ్రత, క్యాంటీను, కార్గో, రోడ్డు పక్కన గోదాములు, కొత్తూరు వైపు ఫ్యాక్టరీలు, డ్రైవర్ ఉద్యోగాలు. ఇందులో చాలా పనులు షిఫ్టుల మీద నడిచేవే. విమానానికి రాత్రి పగలు లేదు కనుక, దాని చుట్టూ పనిచేసేవారికీ లేదు. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్న ప్రశ్న ఇక్కడే చిక్కుముడి పడుతుంది. నాన్న రాత్రి రెండు గంటలకు షిఫ్టు దిగుతాడు. బిడ్డ పొద్దున ఏడున్నరకు బడి బస్సు ఎక్కాలి. ఇద్దరికీ సరిపడే ఇల్లు ఏది?

ఏడాదికి 440 గంటలు

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతుల వరకు ఏడాదికి 220 పని దినాలు, 1,000 గంటల బోధన ఉండాలి. ఆరో తరగతి పిల్లవాడు బడికి వెళ్లడానికి గంట, రావడానికి గంట పడుతుందనుకుందాం. 220 రోజులకు 440 గంటలు. అంటే బడిలో పాఠం వినే కాలంలో దాదాపు సగం వ్యాన్ కిటికీ పక్కనే గడిచిపోతుంది. ఆ 440 గంటల్లో ఆట ఉంది, నిద్ర ఉంది, అమ్మ పక్కన కూర్చుని రాసే హోంవర్కు ఉంది.

అదే బడి ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఉంటే ఏడాదికి దాదాపు 73 గంటలు మాత్రమే పోతాయి. రెండింటికీ తేడా దాదాపు 367 గంటలు. పేరున్న బడి అని దూరం పంపే తల్లిదండ్రులు ఆ పేరు కోసం ఇంత ధర చెల్లిస్తున్నామని తెలిసి పంపితే సరే. చాలామంది ఫీజు లెక్క వేస్తారు, వ్యాన్ చార్జీ లెక్క వేస్తారు, గంటల లెక్క వేయరు.

బడి నడక దూరంలో ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1929లో న్యూయార్కు నగర ప్రణాళిక కోసం క్లారెన్స్ పెర్రీ అనే ఆయన ఒక పేట ఎలా ఉండాలో గీసి చూపాడు. ప్రాథమిక పాఠశాల పేట నడిబొడ్డున ఉండాలనీ, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి చేరాలనీ అన్నాడు. జపానులో ఒకే వీధి పిల్లలు జట్టుగా కలిసి బడికి నడిచిపోవడం మామూలే. మన దేశంలో 1964-66 నాటి కొఠారి కమిషన్ ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడిలో చదవాలని సిఫారసు చేసింది. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల బడి 1 కి.మీ. లోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి 3 కి.మీ. లోపు ఉండాలి. ఇల్లు వెతికేవారికి ఈ రెండు అంకెలే మంచి కొలత. చిన్నపిల్లలుంటే కిలోమీటరు, పెద్దపిల్లలుంటే మూడు కిలోమీటర్లు. అంతకు మించితే తగిన కారణం ఉండాలి.

పదేళ్ల బడి చూసుకోవాలి

ఇల్లు మారేటప్పుడు ఈ ఏడాది తరగతిని మాత్రమే చూడడం సాధారణంగా జరిగే పొరపాటు. ఒకటో తరగతి బిడ్డకు పక్క వీధిలో బడి ఉంది, బాగానే ఉంది. ఆ బడి అయిదో తరగతితో ఆగిపోతే? ఏడుతో ఆగితే? పదో తరగతి దాకా గుర్తింపు ఉందా, పది అయ్యాక ఇంటర్‌కు ఎక్కడికి పోవాలి, ఆ దారిలో నేరుగా బస్సు ఉందా అని ముందే చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే పెద్దపిల్ల కాలేజీ, చిన్నవాడి బడి రెండు దిక్కులు కాకుండా చూసుకోవడం మేలు.

ఆడపిల్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. దూరం అన్న ఒక్క మాట మీద చదువు ఆగిపోయేది మొదట ఆడపిల్లదే. తమ్ముణ్ణి ఎంత దూరమైనా పంపుతారు. అక్కను మాత్రం చీకటి పడితే ఎలా అని పది తర్వాత ఇంట్లో కూర్చోబెడతారు. మంచి చోటు ఎంచుకుంటే ఆ మాటకు తావు ఉండదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. అంటే ఆర్టీసీ బస్సు ఆగే చోటుకు అయిదు నిమిషాల నడకలో ఇల్లుంటే అమ్మాయి కాలేజీకి చార్జీ ఖర్చు లేనట్టే. బస్టాపు నుంచి ఇంటిదాకా వీధిదీపాలు వెలుగుతున్నాయా లేదా అన్నది ఇల్లు చూసే రోజున కాక, చీకటి పడ్డాక మరోసారి వెళ్లి చూడాలి.

ఏ దారిలో ఏముంది

శంషాబాద్ పట్టణం: మండల కేంద్రం. జాతీయ రహదారి మీదే ఉంది కనుక బస్సులకు కొదువ లేదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మాధ్యమాల బడులు, ఆసుపత్రులు, అంగళ్లు అన్నీ కాలినడకన అందుతాయి. విమానాశ్రయంలో పని చేసేవారికి ఇంతకంటే దగ్గర లేదు. అయితే పెద్ద రోడ్డు ఊరిని రెండుగా చీలుస్తుంది. ఇల్లు ఒక పక్క, బడి ఇంకో పక్క అయితే రోజూ రెండుసార్లు పిల్లవాడు లారీల మధ్య దాటాలి. రెండూ ఒకే పక్కన ఉండేలా చూసుకోవడం ఉత్తమం. విమానాలు దిగే ఎక్కే దారి కింద ఇల్లయితే మోతకు అలవాటు పడక తప్పదు.

సాతంరాయి, గగన్‌పహాడ్, కాటేదాన్: ఆరాంఘర్ వైపు పోయే దారి. ఫ్యాక్టరీల్లో పని చేసేవారికి నడక దూరం. పట్నానికీ దగ్గరే. కానీ లారీల రాకపోకలు, పొగ, దుమ్ము ఎక్కువ. పిల్లలకు ఆయాసం ఉన్న కుటుంబాలు ఆలోచించుకోవాలి.

రాజేంద్రనగర్, బుద్వేల్, శివరాంపల్లి, అత్తాపూర్: వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, పోలీసు అకాడమీ ఉన్న ప్రాంతం. బడులు, కాలేజీలు ఎంచుకోవడానికి చాలానే ఉన్నాయి. మెహదీపట్నం వైపు ఎక్స్‌ప్రెస్ వే ఉంది. పాతబస్తీ వైపు ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా 2025 జనవరిలో వంతెన వచ్చింది. అందుకు తగ్గట్టే కిరాయిలూ ఎక్కువ. శంషాబాద్‌లో పని చేస్తూ ఇక్కడ ఉండేవారు పొద్దున పట్నం నుంచి బయటికి పోతారు. రద్దీ అంతా లోపలికి వస్తుంటుంది కనుక ఎదురు దిక్కున పోయేవారికి దారి కొంత సుళువు.

పాల్మాకుల, పెద్దషాపూర్, కొత్తూరు, షాద్‌నగర్: కిరాయి తక్కువ, గాలి మంచిది, సొంత ఊరికి దగ్గర. కొత్తూరు ఫ్యాక్టరీల్లో పనైతే ఇటు ఉండడమే తెలివి. తిమ్మాపూర్, షాద్‌నగర్‌లలో రైల్వే స్టేషన్లు ఉన్నాయి. పని పట్నం లోపల అయితే మాత్రం రోజూ మూడు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి.

తుక్కుగూడ, మామిడిపల్లి, మహేశ్వరం: శ్రీశైలం రోడ్డు వైపు. విమానాశ్రయం వెనుక దిక్కు. రావిర్యాల, ఆదిభట్ల వైపు పనులు చేసేవారికి అనుకూలం. ఇక్కడ కాలనీలు ముందు వచ్చి, బస్సులు, బడులు తర్వాత వస్తున్నాయి. ప్లాటు చూపించేవారు కారులో తీసుకెళ్తారు. ఒకసారి బస్సులో వెళ్లి చూస్తే అసలు దూరం తెలుస్తుంది.

మోటారు సైకిలు మీద పనికి పోయేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పటంలో శంషాబాద్ నుంచి గచ్చిబౌలి 22 కి.మీ. మాత్రమే. అయితే బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గం మీదికి మోటారు సైకిళ్లను, ఆటోలను రానివ్వరు. వాటికి పక్కనున్న సర్వీసు రోడ్డే గతి. కారులో ఇరవై నిమిషాల్లో పోవచ్చని ప్రకటనల్లో రాసిన దూరం బండి మీద పోయేవారిది కాదు. కారువారు కూడా టోలు రుసుము లెక్కలో వేసుకోవాలి.

రాబోయే రైలు మీద ఆశ

'మెట్రో వస్తుంది, ఇప్పుడే కొనుక్కోండి' అన్న మాట ఈ ప్రాంతంలో ప్రతి బ్రోకరు నోటా వినబడుతుంది. రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కి.మీ. మెట్రో మార్గానికి 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ మార్గాన్ని పక్కన పెట్టారు. నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేరే మార్గం ప్రతిపాదించారు. శంకుస్థాపన జరిగిన ఏడాది ఒకటో తరగతిలో చేరిన బిడ్డ 2025 జూన్‌లో నాలుగో తరగతికి వచ్చింది. రైలు ఆలస్యమైనా నిలబడుతుంది, బాల్యం నిలబడదు.

వచ్చిన రైలు మాట వేరు. ఫలక్‌నుమా దాకా ఉన్న ఎంఎంటీఎస్‌ను 2023 ఏప్రిల్‌లో శివరాంపల్లి, బుద్వేల్ మీదుగా ఉందానగర్ వరకు పొడిగించారు. ఈ ఉందానగరే శంషాబాద్‌కు రైల్వే స్టేషను. సికింద్రాబాద్, కాచిగూడ వైపు చదివే పిల్లలకు, పని చేసే పెద్దలకు ఇది చవకైన దారి. అయితే ఇల్లు తీసుకునే ముందు తమకు కావలసిన వేళకు రైలు ఉందా, తిరిగి వచ్చే రైలు ఎప్పుడు అని స్టేషనులోనే అడిగి తెలుసుకోవాలి. నేడు నడిచే బస్సు, నేడు నడిచే రైలు, నేడు తెరిచి ఉన్న బడి. ఈ మూడింటినే లెక్కలోకి తీసుకోవాలి.

నేల సంగతి, నీటి సంగతి

కిరాయికి కాక ప్లాటు కొని ఇల్లు కట్టాలనుకునేవారు '111' అన్న అంకెను మరువకూడదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నీరు చెడిపోకుండా 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. శంషాబాద్, మొయినాబాద్, శంకరపల్లి, చేవెళ్ల తదితర మండలాల్లోని 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో వాటిని సడలించింది. 2023 మేలో 111ను రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. 'అంతా తీసేశారు' అన్న నోటిమాట మీద డబ్బు పెట్టడం మాత్రం మంచిది కాదు. ఆ సర్వే నంబరులో ఇల్లు కట్టడానికి అనుమతి వస్తుందా లేదా అన్నది హెచ్ఎండీఏలోనూ, స్థానిక పురపాలక కార్యాలయంలోనూ విచారించాకే బయానా ఇవ్వాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరుకు రెరా నమోదు ఉండాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

రెండోది నీటి దారి. 2020 అక్టోబరులో కురిసిన కుండపోతకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. నీళ్లు జాతీయ రహదారి మీదికి వచ్చిపడ్డాయి. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. వేసవిలో ఎండిన చెరువు శిఖం ఆటస్థలంలా కనిపిస్తుంది. దాని పక్కన కిరాయి కూడా తక్కువ ఉంటుంది. ఆ వీధిలో పదేళ్లుగా ఉంటున్న ముసలివారిని 'వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వస్తాయమ్మా' అని ఒక్క మాట అడిగితే చాలు, ఏ కాగితమూ చెప్పని సంగతి తెలుస్తుంది.

బడి గేటు దగ్గర అరగంట

బడిని భవనం రంగు చూసి, టై బూట్లు చూసి అంచనా వేయరాదు. విడిచిపెట్టే వేళకు గేటు దగ్గర అరగంట నిలబడితే సగం సంగతులు తెలుస్తాయి. ఆటోలో ఎంతమంది పిల్లల్ని కుక్కుతున్నారు, బస్సులో ఆయా ఉందా, చిన్నవారిని రోడ్డు దాటించేవారు ఉన్నారా. లోపలికి వెళ్లి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ తరగతి దాకా గుర్తింపు ఉంది, యూడైస్ నంబరు ఎంత, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు ఉన్నాయా, లెక్కలకు, సైన్సుకు వేర్వేరు ఉపాధ్యాయులున్నారా. చట్టం ప్రకారం ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు, ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒకరు ఉండాలి. బడి బస్సుకు రవాణా శాఖ ఇచ్చిన ఫిట్‌నెస్ పత్రం చూపమని అడగడానికి మొహమాటపడనక్కర లేదు.

నడి సంవత్సరంలో ఊరు మారవలసి వచ్చినవారికి చట్టం ఒక ఆసరా ఇచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఒక ప్రభుత్వ బడి నుంచి మరో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారితే పాత బడి ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోకుండా ఉండరాదు. ఈ సంగతి తెలియక పనుల కోసం వచ్చిన కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడి బయట ఉండిపోతుంటారు.

కదలకుండా కూడా కుదరవచ్చు

అసలు ఊరు విడవాలా అన్నది అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న. ఇంగ్లీషు చదువు కోసమే పట్నం అనుకునేవారు, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం మొదలైందని గమనించాలి. తెలుగు పోతుందేమోనని బెంగపడేవారికి, ఏ సిలబస్ బడిలోనైనా తెలుగు నేర్పాలని 2018లో వచ్చిన చట్టం ధైర్యం ఇస్తుంది. ఊళ్లో జిల్లాపరిషత్ హైస్కూలు బాగా నడుస్తుంటే, నాయనమ్మ తాత ఇంట్లో ఉంటే, తండ్రి ఒక్కడే బస్సులోనో రైలులోనో పోయి వచ్చినా సంసారం సాగుతుంది. పట్నం కిరాయి, వ్యాన్ చార్జీ, ప్రైవేటు ఫీజు కలిపి ఒక కాగితం మీద, ఊళ్లో ఉంటే అయ్యే బస్సు పాసు, ట్యూషన్ ఖర్చు ఇంకో కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టుకుంటే నిర్ణయం తేలికవుతుంది.

కదలక తప్పనివారు మొదటి ఏడాది కిరాయికే ఉండి చూడడం మేలు. ఒక వానాకాలం, ఒక పరీక్షల కాలం గడిస్తే చోటు గుణం తెలిసిపోతుంది. నిర్ణయించే వేళ ఇంటి యజమానితో పాటు ఇల్లాలి మాట, పదో తరగతి అమ్మాయి మాట కూడా వినాలి. పొద్దున క్యారేజీ కట్టేదీ, సాయంత్రం గేటు దగ్గర ఎదురుచూసేదీ, చీకట్లో బస్సు దిగి నడిచేదీ వారే. పెద్దవాడు ఇవాళ కాకపోతే రేపు ఇంకో పని వెతుక్కోగలడు, షిఫ్టు మార్చుకోగలడు. ఆరో తరగతి మాత్రం పిల్లవాడికి ఒక్కసారే వస్తుంది. రెండింట్లో ఏదో ఒకటే దగ్గరగా దొరికే పరిస్థితి వస్తే బడికి దగ్గరగా ఉన్న ఇంటికే మొగ్గడం మంచిది.